గ్రహణం నాటి చెయ్యి

నా నోటికి మా ఊళ్లో పెట్టింది పేరు. రేషన్ డీలర్ మొదలు సర్పంచ్ దాకా ఈ అండాలు వస్తోందంటే కాస్త పక్కకు తప్పుకుంటారు. మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి అనడం నాకు చేతకాదు. అలాంటిదాన్ని, మొన్న నా మనవరాలిని ఉయ్యాలలో వేసే తొట్టెల నాడు నిండు పందిట్లో నోరు కుట్టేసుకుని నిలబడ్డాను. ఎందుకో చెబుతాను.

మాది తిరుమలగిరి పక్కన పల్లె. నా కొడుకు విజేందర్ వరికోత మిషన్ నడుపుతాడు. పంట ఎక్కడ పండితే అక్కడికి పోతాడు, కోతల కాలంలో సొంత ఇంటికి చుట్టంలా వచ్చి పోతాడు. అలా ఒకసారి అచ్చంపేట వైపు పోయి, అక్కడ రూపను చూశాడు.

"అమ్మా, పిల్ల మంచిది. ఎడమ చెయ్యి ఒక్కటి జర చిన్నది" అన్నాడు ఫోన్‌లో.

"చిన్నదంటె ఎంత చిన్నదిరా?"

"నువ్వే చూస్తవు గద" అని ఫోన్ పెట్టేశాడు.

చూశాను. పుట్టుకతోనే ఎదగని చెయ్యి అది. మోచేతి కింద ఉండాల్సినదాంట్లో సగమే ఉంది, అదీ లోపలికి వంగి ఉంది. బొటనవేలు లేదు. మోచెయ్యి సరిగా ముడుచుకోదు. నేనేమీ దేవతను కాదు. ఊళ్లో పిల్లలే దొరకనట్టు ఎక్కడికో పోయి తెచ్చావా అని కొడుకును దులిపేశాను. వాడు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. పెళ్లయింది.

పిల్ల ఇంటికొచ్చాక తప్పుపట్టడానికి దాని పని చూడటం మొదలుపెట్టాను. చూస్తూ చూస్తూ తప్పు సంగతే మర్చిపోయాను. బిందె మెడను ఆ వంపులో ఇరికించి నడుముకెత్తుకుంటే చుక్క తొణికేది కాదు. ఉల్లిగడ్డను ఆ వంపుతోనే పీటకు అదిమిపట్టి కుడిచేత్తో టకటకా తరిగేది. జడ వేసుకునేటప్పుడు ఆ నాలుగు వేళ్లూ మెడ వెనక్కి చక్కగా చేరేవి. అందరికీ మోచెయ్యి మడిచి చేసే పనులన్నీ ఈ పిల్లకు ఆ వంపు చేసిపెట్టేది. ఆ వంకరే ఆమెకు మోచెయ్యి. తన చేతిని తానే 'చిన్నది' అని పిలుచుకునేది. "చిన్నది పట్టుకుంటది అత్తమ్మా, పెద్దది పని చేస్తది" అనేది. అయ్యో పాపం అంటూ ఇంటికొచ్చిన ఆడవాళ్లను ఆ తర్వాత నేనే గడప దగ్గర ఆపేసేదాన్ని.

తొలికాన్పు కదా, తల్లిగారింటికి తీసుకుపోయారు. అమ్రాబాద్ దగ్గర అడవి అంచున వాళ్ల ఊరు. ఆడపిల్ల పుట్టిందని తెలిసి చూడటానికి పోయాను. రూప మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పాప తల సరిగ్గా ఆ వంపులో ఉంది. కొలత తీసి చేయించినట్టు అంత బాగా అమరింది. కుడిచెయ్యి ఖాళీగా ఉంటే దాంతో అన్నం తింటోంది.

"చూసినవా అత్తమ్మా, మా చిన్నదానికి ఇన్నేండ్లకు అసలు పని దొరికింది. నేను కిందేస్తె ఏడుస్తాంది, ఈడ పెట్టుకుంటె నిద్రపోతాంది" అని నవ్వింది.

నాకు ముచ్చటేసి ఫోన్‌లో ఫోటో తీశాను. తీస్తుంటే ఆమె తల్లి జానమ్మ గబగబా వచ్చి కూతురికి ఎడమవైపు కూర్చుని, కొంగు తెచ్చి ఆ చేతి మీద కప్పింది. వియ్యపురాలిది మొదటినుంచీ అదే అలవాటు. పెళ్లి ఫోటోలన్నిట్లోనూ రూపకు ఎడమవైపే ఉంటుంది. నాకు తిక్క రేగి, "జరుగు వదినె, పిల్ల మొకం మీద నీ కొంగు పడుతున్నది" అన్నాను. జరిగింది కానీ నొచ్చుకుంది.

నేను ఊరికి తిరిగొచ్చిన కొన్నాళ్లకే ఫోనొచ్చింది. స్నానాల బండ దగ్గర కాలు జారి రూప ఆ చేతి మీదే పడిందట. పాప అప్పుడు ఇంట్లో ఉంది, అదొక్కటే అదృష్టం. నేను పోయేసరికి పట్నంలోని పెద్ద దవాఖానకు తీసుకొచ్చి ఉన్నారు.

డాక్టర్ కుర్రవాడు. అయినా తొందరపడలేదు. ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి మాకు చూపించాడు.

"మనకు ఇక్కడ రెండు ఎముకలుంటాయమ్మా. ఈమెకు పుట్టుకతో ఒక్కటే ఉంది, అది కూడా సన్నం. రాడ్ దూర్చడానికి లోపల చోటు లేదు. ప్లేట్ పెట్టి స్క్రూలు బిగిస్తే ఆ స్క్రూలకే పగలొచ్చు. కట్టుతోనే అతకాలి. ఆలస్యంగా అతుకుతుంది, అసలు అతకకపోవచ్చు కూడా."

తర్వాత రూపను అడిగాడు. "విరగకముందు ఈ చెయ్యి ఎలా ఉండేది? దీంతో ఏమేం చేసేదానివి?"

రూప నా వైపు చూసింది. నేను ఫోన్ తీసి ఆ ఫోటో చూపించాను. పాప తలా, దాని చుట్టూ వంపూ అందులో స్పష్టంగా ఉన్నాయి. డాక్టర్ ఆ ఫోటోను బల్ల మీద పెట్టుకుని, దాన్ని చూసుకుంటూ, అదే వంపులో పిండికట్టు కట్టాడు.

"రెండో చేతితో పోల్చకండి. దీని తీరు దీనిదే. వంకర తీయించే పని మాత్రం ఎవరూ పెట్టుకోవద్దు. మోచెయ్యి ముడుచుకోదు కాబట్టి ఈ వంకర పోతే ఈ చెయ్యి దేనికీ అందదు" అన్నాడు. అందరం తలూపాం.

బయట బెంచీ మీద జానమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేనడగకుండానే చెప్పింది.

"గీ పిల్ల కడుపుల ఉన్నప్పుడు గ్రహణం వచ్చింది వదినె. ఊరంత తలుపులేసుకున్నది. మాకు తలుపు ఏసుకునే రాత ఉన్నదా? అప్పుడు కూలికి పోతెనే పొయ్యి ఎలిగేది. మేస్త్రి వచ్చి, ఇయ్యాల కోతకు రాకుంటె ఇగ ఎన్నడు రావద్దు అన్నడు. కొడవలి పట్టుకుని పోయిన. పొద్దు నల్లబడుతుంటె ఒంగి కోసిన. పిల్ల పుట్టినంక మంత్రసాని చెయ్యి జూసి, కొడవలి పట్టినవు, కొడవలే పుట్టింది అన్నది. ఊరంత గదే అన్నరు. చర్చిల మోకాళ్ల మీద కూసుని ఎంత ఏడ్చిన్నో దేవునికెరుక."

"గ్రహణానికి చెయ్యికి ఏం సంబంధం? మొగులు మీద ఏదో అయితె కడుపులకు వస్తదా?" అని కసిరాను. అంతటితో ఊరుకోక డాక్టర్ దగ్గరికి తీసుకుపోయి ఆయన చేతే చెప్పించాను. కడుపులో పిండం తయారయ్యేటప్పుడే కొందరికి ఇలా అవుతుందనీ, ఎవరి తప్పూ కాదనీ, గ్రహణం కానే కాదనీ ఆయన ఓపిగ్గా చెప్పాడు. జానమ్మ అన్నిటికీ సరే సార్ అంది. ఒక్క ముక్క కూడా నమ్మలేదని ఆమె ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

నేను రూపను మా ఇంటికి తీసుకుపోతానన్నాను. తొలికాన్పు పిల్ల, కాన్పయ్యాక ఉండాల్సిన నెలలు తీరకుండా పుట్టింటి గడప దాటించకూడదని వియ్యంకుడు కృష్ణయ్య అన్నాడు. మెత్తటి మనిషి, ఎదురుచెప్పేవాడు కాదు. కానీ ఆ మాట మీద నిలబడ్డాడు. ఆనవాయితీ కదా, నేనేం మాట్లాడను? వచ్చేశాను.

ఇక ఆ కట్టుతో తిప్పలు మొదలయ్యాయి. ఆ చెయ్యి మొదట్లో లావు, చివర సన్నం. వాపు తగ్గగానే సైజు పెద్దదైన చెప్పులా కట్టు ఊడి చేతిలోకి వచ్చింది. చంటిదాన్ని ఎత్తుకుని బస్సులు మారి దవాఖానకు పోయారు. డాక్టర్ మళ్లీ కట్టి, ఈసారి భుజం మీదుగా పట్టీ వేశాడు. అదీ జారింది. మళ్లీ పోయారు. జారిన ప్రతిసారీ రావాల్సిందే, వేరే దారి లేదని డాక్టర్ చెప్పాడట. కృష్ణయ్య కూలికి పోయే మనిషి, జానమ్మ బాలింత కూతురికి వండిపెట్టాలి. ఎవరినని ఏం లాభం, అలిసిపోయారు.

ఒకరోజు జానమ్మ ఫోన్ చేసింది. గొంతులో ఏదో కొత్త హుషారు.

"వదినె, పర్వతాలు అని కట్లు కట్టే పెద్దమనిషి ఉన్నడట. ఆయన బద్దల కట్టు జారదట. రూపను తోలుకపోతున్నం. ఇంకోటి వదినె... ఎట్లాగు ఇరిగిందాయె. ఇరిగిన చెయ్యే గద, సక్కగ గుంజి కడుతనన్నడు. దేవుడే తోవ చూపిచ్చిండు."

"వద్దు వదినె! డాక్టర్ ఏం చెప్పిండు? ఆ వంకర తీస్తె పిల్ల దేనికి పనికొస్తది?" అని అరిచాను. అడవి ఊరు, సిగ్నల్ పోయింది. ఎంత కొట్టినా కలవలేదు. కొడుక్కి చేస్తే మిషన్ చప్పుడులో సగం వినపడింది, సగం వినపడలేదు. "నేను ఇప్పుడు ఇడిసిపెట్టి రాలేనమ్మా, నువ్వు పో" అన్నాడు. కట్టుబట్టలతో బస్సెక్కాను. నల్లగొండలో మారాను, దేవరకొండలో మారాను. డిండి దాటుతుంటే, ఈ బస్సు కన్నా నా కాళ్లే నయమనిపించింది.

దారి అడుగుతూ సాయంత్రానికి పోయేసరికి, పర్వతాలు ఇంటి ముందు వేపచెట్టు కింద నులకమంచం మీద రూప తన వంతు కోసం కూర్చుని ఉంది. ఆయన ముసలివాడు, శాంతమైన మనిషి. దొంగవాడు అయితే తిట్టడానికి నాకు సులువయ్యేది. ఆయన పద్ధతి ఏమిటంటే, ముందు మంచి చేతిని దారంతో కొలుస్తాడు. భుజం నుంచి మోచెయ్యి, మోచెయ్యి నుంచి మణికట్టు, అక్కడక్కడా ముడులు వేస్తాడు. ఆ దారాన్ని విరిగిన చేతి మీద పెట్టి, ముడికి ముడి కలిసేదాకా గుంజి కడతాడు. ఎంతమంది చేతులూ కాళ్లూ అలాగే నిలబెట్టాడట. ఇప్పుడు రూప కుడిచేతిని కొలిచిన దారం పట్టుకుని ఎడమచేతి మీద పెట్టాడు. సగం దారం కిందికి వేలాడింది.

"పొడుగు నా చేతిల లేదు తల్లి. సక్కగ మాత్రం చేస్త" అన్నాడు.

"సక్కగ చెయ్యద్దు. అది పుట్టినప్పటి నుంచి గట్లనే ఉన్నది. ఎట్లున్నదో అట్లనే కట్టు" అన్నాను నేను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. "వంకరగ కట్టుమంటవా? రేపు నలుగురు జూస్తె పర్వతాలు చెయ్యి వంకర కట్టిండు అనరా? నేను గట్ల కట్టనమ్మా. కట్టుమంటె సక్కగ కడుత, లేకుంటె తోలుకపోండ్రి."

"తోలుకపోతం. లే బిడ్డ" అని రూప భుజం పట్టుకున్నాను.

జానమ్మ నాకు అడ్డం రాలేదు. నేల మీద కూలబడి కూతురి కాళ్లు పట్టుకుంది. కన్నతల్లి, కూతురి కాళ్లు! కృష్ణయ్య తల పక్కకు తిప్పుకున్నాడు.

రూప కుడిచెయ్యి తల్లి తల మీద వేసింది. తర్వాత నాతో అంది, "కట్టనియ్యి అత్తమ్మా."

"నీకేమన్న పిచ్చి లేసిందా? పిల్లనెట్ల పట్టుకుంటవు?"

"నేర్చుకుంట. ఇన్ని నేర్చుకోలేదా?"

నేను కృష్ణయ్య వైపు తిరిగాను. "అన్నా, నువ్వన్న చెప్పు. డాక్టర్ మాట నువ్వూ ఇన్నవు గద."

"నాకేం సమజైతలేదు చెల్లె. జానమ్మ ఇన్నేండ్లు ఎట్ల బతికిందో నేను జూసిన" అన్నాడు, అంతే.

ఆ పిల్లే ఒప్పుకున్నాక నేనెవరిని? పుట్టింట్లో ఉన్న కోడలి మీద అత్తకు ఉన్న హక్కు ఏపాటిది? పాపను నా ఒళ్లో పెట్టుకుని పక్కకు కూర్చున్నాను. ఆయన చేతికి నూనె రాసి, కాపడం పెట్టి, మెల్లమెల్లగా గుంజాడు. అప్పుడప్పుడే అతుకుతున్న లేత ఎముక, ఎటు గుంజితే అటు వచ్చింది. రూప కొంగు నోట్లో కుక్కుకుంది. పాప గుక్కపెట్టి ఏడ్చింది. నేను పాపకు చెవులు మూశాను, నావి ఎవరు మూస్తారు? మినపపిండీ గుడ్డుసొనా పట్టించి, వెదురు బద్దలు వేసి, గట్టిగా చుట్టాడు. ఆ కట్టు జారలేదు. ఆయన చెప్పిన మాట నిలబెట్టుకున్నాడు.

ఎముక అతుకుతుందో లేదోనని డాక్టర్ భయపడ్డాడు. అతికింది. చాలా రోజులు పట్టినా అతికింది, నిటారుగా, కర్రలా. జానమ్మ ఫోన్‌లో ఏడ్చి నవ్వింది.

పుట్టింటి నెలలు అయిపోయి పిల్ల మా ఇంటికొచ్చింది. మొదటి రోజే బిందె నడుముకెత్తుకోబోయింది. పట్టు దొరక్క బిందె వాకిట్లో దొర్లిపోయింది. ఉల్లిగడ్డ పీట మీంచి ఎగిరిపోయింది. జడ వేసుకోబోతే ఆ నాలుగు వేళ్లు చెవి దాకా కూడా రాలేదు, గాల్లో ఆగిపోయాయి. పాపను ఎత్తుకోబోయింది. తల ఆనడానికి అక్కడ ఏమీ లేదు. చంటిది ఆ చేతి పొడుగునా తల అటూ ఇటూ తిప్పి వెతుక్కుంది, దొరక్క ఏడ్చింది. రూప కుడిచేత్తో ఎత్తుకుంటే ఇక అన్నం తినడానికి చెయ్యి లేదు. నేను ముద్దలు కలిపి నోట్లో పెట్టాను.

ఊరుకోలేక, రూపను తీసుకుని ఆ డాక్టర్ దగ్గరికే పోయాను. కొత్త ఎక్స్‌రే చూసి ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. తిడతాడేమోనని, తిడితే నేనూ తిట్టొచ్చని చూశాను. తిట్టలేదు.

"మళ్లీ విరగ్గొట్టి పాత వంపులో పెట్టొచ్చా సార్?" అని రూపే అడిగింది.

"ఈ ఎముక ఒకసారి అతకడమే గొప్ప. ఇంకోసారి విరగ్గొడితే అతుకుతుందని నేను చెప్పలేను. అతక్కపోతే ఈ మాత్రం చెయ్యి కూడా ఉండదు. నేను చెయ్యలేనమ్మా" అన్నాడు.

బయటికొచ్చాక నాకు ఎవరినైనా పట్టుకుని కడిగేయాలనిపించింది. పర్వతాలునా? తన పని తాను చేశాడు. జానమ్మనా? గ్రహణం నాడు ఆమెను చేలోకి లాక్కుపోయిన మేస్త్రి ఎప్పుడో చచ్చిపోయాడు, ఆ మాటన్న మంత్రసానీ పోయింది. తిట్టడానికి ఒక్క మనిషి కూడా మిగల్లేదు. బస్టాండ్ బెంచీ మీద కూర్చుని ఏడ్చాను.

"అత్తమ్మా" అంది రూప. "ఎవరికి చెప్పినా మంచిదే గని, మా అమ్మకు మాత్రం చెప్పకు."

"ఎందుకు చెప్పద్దే? ఆమెకు తెల్వద్దా? నీ బిడ్డ నీ చేతిల నిలుస్తలేదని తెల్వద్దా?"

"ఒక గ్రహణం పేరు మీద ఆమె ఇన్నేండ్లు ఏడ్చింది. గది అబద్ధం అత్తమ్మా. గిది నిజం. గిది తెలిస్తె ఆమె బతుకదు."

కొంగుతో ముఖం తుడుచుకుని బస్సు కోసం లేచాను.

చెయ్యి విరగడంతో ఆగిపోయిన తొట్టెల మొన్ననే మా ఇంట్లో చేశాం. వాకిట్లో పందిరి వేశాం. విజేందర్ మిషన్ వదిలి వచ్చాడు. పాపకు నవనీత అని పేరు పెట్టాం. జానమ్మ అందరికన్నా ముందే దిగింది, చేతిలో గాజుల డబ్బా. తన కూతురి రెండు చేతులకూ నిండుగా గాజులు చూడాలని ఆమెకు ఎన్నేళ్ల ఆశో. ఆ వంపులో గాజు ఎక్కేది కాదు. ఇప్పుడు చిన్నపిల్లల సైజువి అడిగి తెచ్చింది. పందిట్లో అందరి ముందూ కూర్చుని ఒక్కొక్కటే ఎక్కించింది. గాజులన్నీ ఎలాంటి అడ్డమూ లేకుండా ఎక్కాయి.

"ఎంత సక్కగున్నదో సూడుండ్రి" అని చుట్టుపక్కల వాళ్లకు చూపించింది. వాళ్లూ బాగుందన్నారు.

ఫోటో తీసే కుర్రాడు తల్లీపిల్లా ఒకచోటికి రమ్మన్నాడు. జానమ్మ తొట్టెలలోంచి పాపను తీసి, మురిసిపోతూ తెచ్చి, రూప ఎడమచేతి మీద పెట్టింది. ఆ చేతి మీదే. రూప నవ్వుతూనే ఉంది. నవనీత తల మెల్లగా బయటికి జారడం నాకు కనిపించింది. ఒక్క అంగలో రూప వెనకగా ఎడమవైపుకు చేరి, నా కొంగు చాటున చెయ్యి దూర్చి, పాప తల పట్టుకున్నాను. ఎవరూ చూడలేదు. రూప వెన్ను ఒక్కసారి నాకు ఆని, మళ్లీ నిటారుగా అయ్యింది.

జానమ్మ కూతురికి కుడివైపు నిలబడింది. నేను ఎరిగినప్పటి నుంచీ ఆమె అటు నిలబడటం అదే మొదటిసారి. కొంగు సర్దుకుని, కూతురిని దాటి నా వైపు తొంగిచూసింది.

"ఎట్లున్నది వదినె? నువ్వు వద్దు వద్దు అన్నవు. ఇప్పుడు చెప్పు, మంచిగైందా కాలేదా?"

కొంగు కింద పాప తల నా అరచేతిలో వెచ్చగా ఉంది. నా నాలుక చివరిదాకా వచ్చిన మాటలు ఎన్నో నాకే తెలుసు.

"మంచిగైంది వదినె" అన్నాను. "నువ్వు ముందుకు చూడు, ఫోటో తీస్తున్నడు."